పని ఊరికి వచ్చింది, ఉద్యోగం రాలేదు

(ఏలూరులో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసానికి నిధి ఏర్పాటు చేసిన పెద్దాయన జిల్లా పరిషత్తులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఎక్కడా తన పేరు వేయవద్దనీ, మాట్లాడేవారు మాత్రం ప్రభుత్వోద్యోగం గురించే మాట్లాడాలనీ రెండు షరతులు పెట్టి వెళ్లారు. మొదటిది పాటించడం తేలికే. రెండోది ఆయన ఊహించిన దానికన్నా కష్టమైంది. ఆయన చేరిన రోజుల్లో ప్రభుత్వోద్యోగి ఎవరో, ఎవరు కాదో పిల్లవాణ్ణి అడిగినా చెప్పేవాడు. ఇవాళ నాలుగు శాఖల అధికారుల్ని కూర్చోబెట్టి అడిగితే నాలుగు జవాబులు వస్తాయి.

ఒక లెక్కతో మొదలుపెడతాను. తాడేపల్లిగూడెం మండలంలో, లేదా కైకలూరు మండలంలో, ప్రజల సొమ్ముతో ప్రజల పని చేస్తున్నవాళ్లు ఎంతమంది? నేను ఖజానా శాఖలో పనిచేసినవాణ్ణి. నా బల్ల మీదికి పే బిల్లు వచ్చినవాళ్లను లెక్కపెట్టగలిగేవాణ్ణి. అంగన్‌వాడీల లెక్క శిశు సంక్షేమ పథకం ఐసీడీఎస్ వారి దగ్గర, పోస్టుమాస్టర్ల లెక్క తపాలా డివిజన్‌లో, గ్యాంగ్‌మెన్ లెక్క విజయవాడ రైల్వే డివిజన్‌లో, వీధులు ఊడ్చేవాళ్ల లెక్క మున్సిపాలిటీలో ఉంటుంది. ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద కూడిన కార్యాలయం నాకెక్కడా తారసపడలేదు.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. నలభై ఏళ్లుగా ప్రభుత్వం పని ఢిల్లీ నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి, అక్కణ్నుంచి ఊరికి దిగుతూ వచ్చింది. దానితోపాటు దిగిరావలసిన ఉద్యోగ భద్రత, జీతం హామీ, ఎవరికి జవాబు చెప్పాలన్న స్పష్టత మాత్రం పైనే ఆగిపోయాయి. పని ఊరికి ఎంత దగ్గరైతే ఉద్యోగం అంత పలచబడింది. కేంద్రంలో ఏ ప్రభుత్వమున్నా, రాష్ట్రంలో ఏ పార్టీ ఉన్నా ఈ నడక మారలేదు.

కరణం నుంచి కార్యదర్శి దాకా

పాత రోజులన్నీ బంగారమని చెప్పడానికి నేను రాలేదు. కరణీకం, మునసబీ వంశపారంపర్యంగా నడిచాయి. ఊరి భూమి లెక్క ఒక ఇంటి అటకమీద ఉండేది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆ పోస్టులన్నీ రద్దుచేసింది. సుప్రీంకోర్టు 1985లో దాన్ని సమర్థించింది. సమితులు, తాలూకాలు పోయి మండలాలు వచ్చింది కూడా ఆ కాలంలోనే. ఏలూరుకో తణుకుకో పోతే తప్ప కాని పనులు పది పన్నెండు మైళ్ల దూరంలో అయ్యే రోజు వచ్చింది. అది పెద్ద మేలు.

అయితే కరణం స్థానంలో ఎవరు రావాలన్న ప్రశ్నకు ప్రభుత్వాలు స్థిరమైన జవాబు ఇవ్వలేదు. గ్రామ సహాయకులన్నారు, గ్రామ పాలనాధికారులన్నారు, పంచాయతీ కార్యదర్శులన్నారు, వీఆర్వోలన్నారు. ప్రతిసారీ పోస్టు పేరు మారింది, పై శాఖ మారింది, సీనియారిటీ జాబితా కోర్టుకెక్కింది. పక్క రాష్ట్రం తెలంగాణ 2020లో వీఆర్వో వ్యవస్థనే ఎత్తేసింది. అయిదేళ్లు తిరిగేసరికి 2025లో గ్రామ పాలన అధికారులను నియమించుకుంది. ఊళ్లో భూమి, నీరు, చావు పుట్టుకలు ఉన్నంతకాలం వాటిని రాసిపెట్టే మనిషి కావాలి. పోస్టు రద్దుచేయవచ్చు, పని రద్దుకాదు.

జీరో టెన్ పద్దు

స్థానిక ప్రభుత్వాలు మనకు కొత్త కావు. ఏలూరు మున్సిపాలిటీ 1866 నాటిది. 1925లో ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది. బడులు, రోడ్లు, ఆస్పత్రులు చాలాకాలం జిల్లా బోర్డుల చేతుల్లో నడిచాయి. 1959 నవంబరు 1న రాజస్థాన్ తర్వాత మూడంచెల పంచాయతీరాజ్‌ను తెచ్చుకున్న రెండో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. జిల్లా పరిషత్ హైస్కూలు, సమితి ప్రాథమిక పాఠశాల అనే బోర్డులు మన ఊళ్లలో అప్పటినుంచి ఉన్నాయి.

మరి ఆ బడిలో పాఠం చెప్పే మేష్టారు ఎవరి ఉద్యోగి? చట్టప్రకారం స్థానిక సంస్థ ఉద్యోగి. జీతం సకాలంలో రావాలన్నా, పెన్షన్ భద్రంగా ఉండాలన్నా మాత్రం ఆయన చూపు ట్రెజరీ వైపే. ఖజానా భాషలో దానికి 010 పద్దు అని పేరు. ఆ పద్దు కింద జీతం వచ్చేవాడు నెల మొదట్లో నిశ్చింతగా ఉంటాడు. పంచాయతీరాజ్ టీచర్లు దానికోసం పోరాడారు, సాధించారు. తర్వాత మున్సిపల్ టీచర్లు అదే అడిగారు. ఆ తర్వాత ప్రభుత్వ టీచర్లకూ పంచాయతీరాజ్ టీచర్లకూ ఒకే సర్వీసు రూల్సు కావాలన్న వివాదం వచ్చింది. 2017లో స్థానిక కేడర్లను నిర్ణయించే రాష్ట్రపతి ఉత్తర్వు సవరణ దాకా పోయింది. మరుసటి ఏడాది హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది.

ఇందులో మేష్టార్ల తప్పేమీ లేదు. స్థానిక సంస్థ దగ్గర డబ్బు లేనప్పుడు దాని ఉద్యోగిగా ఉండాలని ఎవరు కోరుకుంటారు? మన దగ్గర వికేంద్రీకరణ విచిత్రంగా జరిగింది. అధికారం కిందికి పోవాలని వేదికల మీద చెబుతుంటే, కిందనున్న ఉద్యోగి పైకి పోవడానికి అర్జీలు పెట్టుకున్నాడు.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూలులో 29 అంశాలు చేర్చారు. పంచాయతీలకు ఆ అధికారాలు రాష్ట్ర శాసనసభ ఇవ్వవచ్చునన్నారు, ఇచ్చితీరాలనలేదు. దాని ఫలితం ఏమిటో ఉద్యోగాల లెక్క చెబుతుంది. 1991లో దేశంలో స్థానిక సంస్థల ఉద్యోగులు 23 లక్షలు. 2012లో 21 లక్షలు. రాజ్యాంగం సవరించి మరీ బాధ్యతలు పెంచిన ఇరవై ఏళ్లలో ఆ బాధ్యతలు మోసేవాళ్ల సంఖ్య తగ్గింది. కేంద్ర ప్రభుత్వోద్యోగులు ఇదే కాలంలో 34 లక్షల నుంచి 25 లక్షలకు తగ్గారు. రాష్ట్రాల ఉద్యోగులు మాత్రం 71, 72 లక్షల దగ్గరే నిలిచారు. జనాభా పెరిగింది, బడులు పెరిగాయి, పథకాలు పదింతలయ్యాయి. ఈ పెరిగిన పనంతా ఎవరు చేశారు? ఈ లెక్కల పట్టికలో పేరు లేనివాళ్లు చేశారు. వాళ్ల దగ్గరికి తర్వాత వస్తాను.

ఢిల్లీ కొలువులు

మన ప్రాంతంలో సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగమంటే మూడు నాలుగే కనిపించేవి. మద్రాసు – హౌరా లైను మీద రైల్వే, తపాలా, టెలిఫోన్లు, తాడేపల్లిగూడెంలో ఎఫ్.సి.ఐ. గోదాములు. పదో తరగతి పాసైన కుర్రవాడు వీటిలో ఒకదానిలో దూరితే ఆ ఇంటి దశ తిరిగిందనుకునేవారు.

భారతీయ రైల్వేలో 1990–91లో 16.5 లక్షలమంది ఉండేవారు. ఇప్పుడు 12 లక్షల దరిదాపుల్లో ఉన్నారు, రైళ్లు మాత్రం పెరిగాయి. 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్‌లో ఒక్కరోజే 78 వేల పైచిలుకు ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ కింద బయటికి వచ్చారు. పార్లమెంటులో కేంద్రం చెప్పిన మరో లెక్క ప్రకారం (ఇది ఇందాకటి పట్టిక పద్ధతిలో వేసింది కాదు) 2021 మార్చి 1 నాటికి కేంద్ర శాఖల్లో మంజూరైన పోస్టులు 40.35 లక్షలు, అందులో భర్తీ అయినవి 30.55 లక్షలు. అంటే నాలుగు కుర్చీల్లో ఒకటి ఖాళీ.

తపాలా శాఖ కథ ఇంకా పాతది. ఊళ్లో ఉత్తరాలిచ్చే బ్రాంచి పోస్టుమాస్టరు, మెయిల్ మోసే ఆయన బ్రిటిషు వారి కాలం నుంచీ శాఖకు బయటివారే. ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లనేవారు, ఇప్పుడు గ్రామీణ డాక్ సేవకులంటున్నారు. వాళ్లవి సివిల్ పోస్టులేనని 1977లో రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు వచ్చి యాభై ఏళ్లు కావస్తున్నా శాఖలోని రెగ్యులర్ ఉద్యోగితో సమానమైన పెన్షన్ వారికి లేదు. శాశ్వతమైన పనికి పలచని ఉద్యోగం సృష్టించే విద్య మన రాష్ట్ర ప్రభుత్వాలు కనిపెట్టలేదు. ఢిల్లీ దగ్గర నేర్చుకున్నాయి.

ఎఫ్.సి.ఐ. గోదాముల సంగతి చూడండి. ఆ సంస్థలో బస్తా మోసే హమాలీ డిపార్ట్‌మెంటల్ లేబర్ కావచ్చు, డైరెక్ట్ పేమెంట్ వాడు కావచ్చు, పనిలేకపోతే కూలిలేనివాడు కావచ్చు, కాంట్రాక్టరు మనిషి కావచ్చు. బస్తా బరువులో తేడా లేదు. కూలిలో, ప్రావిడెంట్ ఫండులో, నడుము విరిగితే వచ్చే పరిహారంలో తేడా ఉంది.

ధాన్యం కొనుగోలు కూడా అలాగే దిగివచ్చింది. ఒకప్పుడు మిల్లర్లు లెవీ బియ్యం ఎఫ్.సి.ఐ.కి పోసేవారు. 2015 అక్టోబరు 1 నుంచి లెవీ రద్దయింది. సేకరణ పౌరసరఫరాల సంస్థ మీద పడింది. అక్కణ్నుంచి ఊళ్లోని రైతు భరోసా కేంద్రానికి, అంటే ఇప్పటి రైతు సేవా కేంద్రానికి, చేరింది. పెంటపాడులోనో నిడమర్రులోనో తేమ శాతం చూసి, సంచులు తెప్పించి, లారీకోసం ఫోన్లు చేసి, డబ్బు పడలేదన్న రైతు కోపం భరించేది ఇప్పుడు గ్రామ వ్యవసాయ సహాయకుడు. డబ్బు విషయం ఢిల్లీలోనో విజయవాడలోనో తేలాలి. తిట్లు మాత్రం ఊళ్లోనే తేలతాయి.

కేంద్రం పూర్తిగా వెనక్కి పోయిందా అంటే, అదీ నిజం కాదు. పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ 1995 నుంచి ఉంది. విభజన చట్టం పదమూడో షెడ్యూలు ప్రకారం 2015లో తాడేపల్లిగూడేనికి ఎన్.ఐ.టి. వచ్చింది. మొదట వాసవి ఇంజనీరింగ్ కాలేజీలో తరగతులు నడిపి, తర్వాత కడకట్లలో సొంత ప్రాంగణం కట్టుకుంది. దానికి కాస్త దూరంలో వెంకటరామన్నగూడెంలో రాష్ట్రం పెట్టిన ఉద్యాన విశ్వవిద్యాలయం 2007 నుంచి ఉంది. ఒకే పట్టణం పక్కన ఒకటి కేంద్రానిది, ఒకటి రాష్ట్రానిది. రెండూ మనకు గర్వకారణాలే. కానీ పాత రైల్వే, తపాలా కొలువుల్లాగా ఇవి ఊరి పదో తరగతి కుర్రవాడికి దొరికేవి కావు. ఆచార్య పదవులకు దేశమంతా పోటీ. కాపలా, పారిశుధ్యం, వంట పనులు ఈ కాలంలో దేశంలో ఏ కొత్త సంస్థ పెట్టినా ఏజెన్సీలకే పోతున్నాయి. కొత్త సంస్థలతో పట్టణం పెరిగింది, స్థలాల ధరలు పెరిగాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు దొరికిన పర్మనెంటు ఉద్యోగాలు ఆ లెక్కన పెరగలేదు.

పథకం మనుషులు

ఇందాక పట్టికలో లేనివాళ్లన్నాను. అందులో మొదట చెప్పుకోవలసింది అంగన్‌వాడీ కార్యకర్తలను. 1975 అక్టోబరు 2న కేంద్రం ఐసీడీఎస్ మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో 55 వేల పైచిలుకు అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. పథకం కేంద్రానిది, నడిపేది రాష్ట్రం, పనిచేసేది ఊళ్లో. కార్యకర్తకు కేంద్రం 2018లో ఖరారు చేసింది నెలకు 4,500 రూపాయలు, అందులోనూ రాష్ట్రం వాటా ఉంది. రాష్ట్రం పైన మరికొంత కలిపి 2019 నుంచి 11,500 ఇస్తోంది.

వీళ్లవి సివిల్ పోస్టులు కావని 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో అదే కోర్టు వీళ్లకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందంది. 2023 డిసెంబరు 12న మన రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. 42 రోజులు నడిచింది. మధ్యలో, 2024 జనవరి 6న ప్రభుత్వం వాళ్ల మీద అత్యవసర సేవల చట్టం ఎస్మా ప్రయోగించింది. మీరు మానేస్తే లోకం ఆగిపోతుంది గనుక సమ్మె చేయకూడదంది ఒక ఉత్తర్వు. మీరు స్వచ్ఛంద సేవకులు గనుక కనీస వేతనం అడగకూడదంటాయి నియమాలు. ఈ రెండు మాటలూ ఒకే ప్రభుత్వం నోటివే. రెండూ నిజమెలా అవుతాయి? అత్యవసరమైన పని చేసే మనిషికి అత్యల్పమైన హోదా ఇవ్వడం మన పరిపాలనలో ఎంత మామూలైపోయిందంటే, ఆ ఉత్తర్వులోని వైరుధ్యం మీద పెద్ద చర్చే జరగలేదు.

అదే డిసెంబరు చివర మున్సిపల్ కార్మికులూ సమ్మె చేశారు. అప్పటికి పట్టణం చెత్త ఎత్తే మనిషికి జీతం 15 వేలు, ఆరోగ్య భత్యం 6 వేలు. వీళ్లలో ఎక్కువమంది దళితులు. పోస్టు పర్మనెంటుగా ఉన్నకాలంలో ఆ ఇంటి రెండో తరం చదువుకుని గుమాస్తా అయ్యేది. ఔట్‌సోర్సింగ్ అయ్యాక రెండో తరం కూడా చీపురే పట్టుకుంటోంది. రిజర్వేషన్లు కాగితం మీద ఉన్నాయి, అవి వర్తించే పోస్టులు కరిగిపోయాయి. ఉద్యోగాల తగ్గుదల అన్ని కులాలకూ సమానంగా తగలదని గుర్తుపెట్టుకోవాలి.

ఔట్‌సోర్సింగ్ మనుషులను సరఫరా చేసే ఏజెన్సీల దోపిడీ ఆపడానికి రాష్ట్రం 2020 జులైలో ఆప్కాస్ అనే కార్పొరేషన్ పెట్టింది. జీతం నేరుగా ఖాతాలో పడటం మొదలైంది, కమీషన్లు పోయాయి. అంతవరకు మంచిదే. అయితే తన పని చేసే మనిషికి తాను యజమానిని కానని చెప్పుకోవడానికి ప్రభుత్వమే ఒక సంస్థ పెట్టుకోవలసి వచ్చిందంటే, రోగం ఎంత ముదిరిందో ఆలోచించండి.

సచివాలయం

ఈ ధోరణికి ఎదురీదిన పెద్ద ప్రయత్నం 2019 నాటి గ్రామ, వార్డు సచివాలయాలు. ఆ ఏడాది అక్టోబరు 2న మొదలయ్యాయి. రాష్ట్రమంతటా 15 వేలు, వాటిలో లక్షా ముప్ఫై వేలకు పైగా పోస్టులు. రాతపరీక్ష పెట్టి, నెలల్లో భర్తీచేశారు. దేశంలో ప్రభుత్వోద్యోగాలు ముడుచుకుపోతున్న కాలంలో ఇంతమంది యువకులకు, అందులోనూ చాలామంది ఆడపిల్లలకు, సొంత ప్రాంతంలో పర్మనెంటు ఉద్యోగం రావడం చిన్న విషయం కాదు. దీన్ని ఇష్టపడనివాళ్లు కూడా ఒప్పుకోవలసిన మాట ఇది.

ఆ భవనంలోపలికి వెళ్లి చూడండి. వీఆర్వో రెవెన్యూ మనిషి. మహిళా పోలీసు హోంశాఖ. ఏఎన్ఎం వైద్యశాఖ. సర్వేయరు సర్వే శాఖ. పశుసంవర్ధక సహాయకుడిది మరో శాఖ. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో ఒక్కో పైఅధికారి. వీళ్లందరి పక్కనే పంచాయతీ ఆఫీసులో ఊరు ఓటేసి గెలిపించిన సర్పంచి కూర్చుంటాడు. ఆయనకు వీళ్లలో ఒకరికైనా సెలవు మంజూరు చేసే అధికారం లేదు. ఊళ్లో పదిమంది ఉద్యోగులు కూర్చున్నారు, ఊరి ప్రభుత్వానికి వాళ్లలో ఎవరూ జవాబుదారీ కారు. రాష్ట్రం ఊరి నడిబొడ్డుకు వచ్చింది, ఊరి పాలన పక్కకు జరిగింది.

సచివాలయంతోపాటే 2019 ఆగస్టు 15 నుంచి యాభై ఇళ్లకు ఒక వలంటీరును పెట్టారు. నెలకు 5,000 రూపాయలు. రెండున్నర లక్షలమందికి పైగా యువకులు. 2024లో ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థ కొనసాగలేదు. పింఛను ఇంటికి తీసుకెళ్లి ఇచ్చే పని సచివాలయ ఉద్యోగుల మీద పడింది. వలంటీర్లు ఉండాలా వద్దా అన్న రాజకీయ చర్చలోకి నేను పోను. ఒక సర్వీసు రిజిస్టరు గానీ, ఒక పోస్టు గానీ లేకుండా లక్షలమంది చేత అయిదేళ్లు రోజువారీ ప్రభుత్వ పని చేయించవచ్చనీ, ఒక ఎన్నికతో ఆ పనీ ఆ మనుషులూ మాయం కావచ్చనీ అది రుజువుచేసింది. పోస్టు ఉన్నందువల్ల సచివాలయ ఉద్యోగి మిగిలాడు. ఉద్యోగ భద్రత ఎందుకని అడిగేవారికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కొల్లేటి మీద ఎవరి పెత్తనం

కొల్లేరు ఈ చిక్కుముడినంతా ఒక్కచోట చూపిస్తుంది. 1999లో అయిదో కాంటూరు (ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చేపల చెరువుల గట్లు కొట్టారు. అడవులు, వన్యప్రాణులు 1976 నుంచి ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. చేపల పెంపకం రాష్ట్రానిది. బుడమేరు, తమ్మిలేరు వరదనీ, ఉప్పుటేరు ముఖద్వారాన్నీ చూసేది జలవనరుల శాఖ. భూమి రెవెన్యూది, అభయారణ్యం అటవీశాఖది. లంక గ్రామాల్లో మంచినీళ్లు, వీధిదీపాలు పంచాయతీవి.

గుడివాకలంకలోనో ప్రత్తికోళ్లలంకలోనో పనిచేసే గ్రామ మత్స్య సహాయకుణ్ణి ఊహించండి. అయిదో కాంటూరు పైనున్న చెరువును రాసుకోవడం, ఆక్వా రైతుకు సలహా చెప్పడం అతని ఉద్యోగం. కాంటూరు లోపలి చెరువు అటవీశాఖ దృష్టిలో నేరం. నీళ్లకు గీత కనపడదు, అతని రిజిస్టరుకు మాత్రం గీత కావాలి. సరస్సును రోజూ చూసే మనిషి అతనే. సరస్సు గురించి నిర్ణయించే ఏ సమావేశంలోనూ అతనికి కుర్చీ ఉండదు.

పైగా కొల్లేరు చాలాకాలం కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య నలిగింది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడి కైకలూరు వైపు మండలాలు ఇటు కలిశాయి. పశ్చిమ గోదావరి కేంద్రం భీమవరానికి పోయింది, తాడేపల్లిగూడెం ఆ జిల్లాలో మిగిలింది. భూపటం మారిందిగానీ ఉద్యోగాల పటం మారలేదు. 371–డి అధికరణం కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో పాత జిల్లాలే స్థానిక కేడర్లు. 16,347 టీచరు పోస్టులతో వచ్చిన 2025 మెగా డీఎస్సీ కూడా పాత జిల్లాల లెక్కనే జరిగింది. కైకలూరు టీచరు, ఏలూరు టీచరు ఒకే కలెక్టరు కింద పనిచేస్తూ వేర్వేరు జిల్లాల సీనియారిటీ జాబితాల్లో ఉన్నారు.

2020 డిసెంబరు

ఈ వ్యవస్థ ఆపదలో ఎలా నిలుస్తుందో ఏలూరు ఒకసారి చూసింది. 2020 డిసెంబరు మొదటివారంలో వన్‌టౌన్ వీధుల్లో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. కొద్దిరోజుల్లో ఆరువందలమందికి పైగా ఆస్పత్రికి వచ్చారు. ఢిల్లీ నుంచి ఎయిమ్స్ బృందం, హైదరాబాదు నుంచి జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ, ఇంకా నీరి, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు వచ్చారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని కొందరన్నారు. పురుగుమందుల అవశేషాలని మరికొందరన్నారు.

నిపుణులు రాకముందే ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్నది ఏఎన్ఎంలు, ఆశాలు, వార్డు సచివాలయ సిబ్బంది, వలంటీర్లు. పడిపోయినవాళ్లను మోసుకొచ్చింది 108 సిబ్బంది. కుళాయి నీళ్ల నమూనాలు పట్టింది మున్సిపల్ సిబ్బంది. వీళ్లలో సగానికి పైగా కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్, గౌరవ వేతనం బాపతు. ఆ వారం ఊరు నిలబడిందంటే వాళ్లవల్లే. మరి ఈ నీళ్లను, కూరగాయలను, మార్కెట్లను ఏడాది పొడవునా పరీక్షించే స్థానిక ప్రయోగశాలలు, వాటికి కావలసిన పర్మనెంటు సాంకేతిక సిబ్బంది సంగతి? ఆపద వచ్చాక ఢిల్లీ నుంచి విమానంలో నిపుణులను రప్పించగలిగాం. ఆపద రాకుండా చూసే మనిషిని ఊళ్లో నియమించుకోవడమే మనకు ఖర్చుగా కనిపిస్తుంది.

ఎదురు గాలి

నడకంతా ఒకే దిక్కున లేదు. 1994లో రాష్ట్రం 2వ నంబరు చట్టం తెచ్చి దినవేతన నియామకాలను నిషేధించింది. వెంటనే 212 జీవో ఇచ్చి, 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు నిండినవాళ్లను క్రమబద్ధం చేస్తామంది. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు దొడ్డిదారి నియామకాలను క్రమబద్ధం చేయకూడదంది. ఆ తీర్పు ఉద్దేశం మంచిది. ప్రభుత్వాలు దాన్ని కవచంగా వాడుకున్నాయి. ముందు పోస్టు భర్తీచేయకుండా తాత్కాలికంగా తీసుకోవడం, ఇరవై ఏళ్లు పనిచేయించుకోవడం, అడిగితే ఉమాదేవి చూపించడం. 2024 డిసెంబరులో జగ్గో కేసులో సుప్రీంకోర్టే ఈ వాడకాన్ని తప్పుపట్టింది. ఆ కేసు వేసింది కేంద్ర జలసంఘం కార్యాలయంలో ఊడ్చి తుడిచినవాళ్లు. మన రాష్ట్రం 2023లో ప్రత్యేక చట్టం చేసి, 2014 జూన్ 2కు ముందు చేరిన కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధం చేయడానికి దారి తెరిచింది.

2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు యాభై వేల పైచిలుకు ఒక్కరోజులో ప్రభుత్వోద్యోగులయ్యారు. ఏలూరు డిపోలోని డ్రైవరు డిసెంబరు 31న నడిపిన బస్సునే మర్నాడూ నడిపాడు. రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల సంఖ్య మాత్రం ఆ రాత్రి ఎగబాకింది. ఇలాంటివి బయటా జరుగుతాయి. బ్రిటన్‌లో గణాంకశాఖ ఇంగ్లండులోని ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీలను 2012లో ప్రైవేటు రంగంలోకి, 2022లో మళ్లీ ప్రభుత్వ రంగంలోకి మార్చింది. అక్కడి బడులు అకాడమీలుగా మారినప్పుడు టీచర్లు స్థానిక ప్రభుత్వం లెక్కలోంచి కేంద్రం లెక్కలోకి పోయారు, తరగతి గది మారకుండానే. తేడా ఏమిటంటే, వాళ్లు మూడునెలలకోసారి ఆ లెక్క ప్రచురిస్తారు. ఎవరు ఎటు మారారో అందులో రాస్తారు. మనకు కావలసింది ముందు ఆ అలవాటు.

డబ్బు ప్రశ్న

అందరినీ పర్మనెంటు చేస్తే జీతాలెక్కణ్నుంచి తేవాలన్నది న్యాయమైన ప్రశ్న. ఖజానాలో కూర్చున్నవాడిగా నేను దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. జీతాలు, పెన్షన్లు, వడ్డీలు పోగా రాష్ట్రం చేతిలో మిగిలేది తక్కువ. 2004లో కేంద్రం జనవరి నుంచి, మన రాష్ట్రం సెప్టెంబరు నుంచి కొత్తగా చేరేవాళ్లకు పాత పెన్షన్ ఆపేశాయి. ఇరవై ఏళ్ల ఆందోళన తర్వాత రాష్ట్రం గ్యారంటీడ్ పెన్షన్ అంది, కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి యూనిఫైడ్ పెన్షన్ అంది. పదవీ విరమణ వయసు 1983లో 55కు దించారు, మళ్లీ 58 చేశారు, 2014లో 60, 2022లో 62. ప్రతి పెంపూ రిటైర్మెంటు బకాయిల చెల్లింపును కొన్నాళ్లు వెనక్కి నెట్టింది. అన్నాళ్లూ నోటిఫికేషన్ కోసం కోచింగ్ సెంటర్లో కూర్చున్న కుర్రవాడి వయసు పెరిగింది.

అయితే పొదుపు ఎక్కడ చేశామన్నదే అసలు సంగతి. కోత పడిందంతా అట్టడుగున. సెక్రటేరియట్‌లో ఒక విభాగం ఔట్‌సోర్సింగ్‌కి ఇచ్చి ఆదా చేసిన దాఖలా చెప్పండి. అంగన్‌వాడీ, కాలువ లస్కరు, పారిశుధ్య కార్మికుడు, బంట్రోతు, వాచ్‌మన్ పోస్టుల్లోనే ప్రభుత్వాలు పొదుపు నేర్చుకున్నాయి. పైనున్నవాళ్ల పే స్కేళ్లు ప్రతి పీఆర్సీలో పెరగడానికి కిందివాళ్ల పోస్టులు ఖాళీగా ఉండటం తోడ్పడింది. మన ఉద్యోగ సంఘాలు కూడా ఈ ఏర్పాటుతో మౌనంగా రాజీపడ్డాయి. ఈ మాట ఉద్యోగుల సభలోనే చెప్పాలి గనుక చెబుతున్నాను.

ఏం చేయాలి

నేను మూడు పనులు సూచిస్తాను. మొదటిది, ప్రతి మండలానికీ ఒక బహిరంగ పట్టిక. కేంద్రం, రాష్ట్రం, స్థానిక సంస్థ, పథకం, ఆప్కాస్ ఏదైనా సరే, ప్రజాధనంతో పనిచేసే ప్రతి పోస్టూ అందులో ఉండాలి. ఎన్ని ఖాళీ, ఎన్నేళ్లుగా ఖాళీ, ఎవరు జీతమిస్తారు, ఎవరికి జవాబు చెప్పాలి అన్నవి ఏటా ప్రచురించాలి. దీనికి కొత్త డబ్బు అక్కర్లేదు.

రెండోది, పని స్వభావాన్ని బట్టి పోస్టు. అంగన్‌వాడీ యాభై ఏళ్లుగా నడుస్తోంది. చెత్త రోజూ పోగవుతుంది. ఇవి తాత్కాలికమైన పనులని వాదించడం ఇక ఆపాలి. ఒక్కసారి చేయలేకపోతే పదేళ్ల ప్రణాళిక వేయండి, ఏటా కొన్ని పోస్టులు మంజూరు చేయండి, సీనియారిటీ ప్రకారం ఎక్కించండి.

మూడోది అన్నిటికన్నా కష్టమైంది. ఊళ్లో పనిచేసే ఉద్యోగి మీద ఊరి పాలకవర్గానికి అధికారం ఉండాలి, ఆ ఉద్యోగి జీతం మాత్రం ట్రెజరీ పూచీ మీద రావాలి. సర్పంచికి అధికారమంటే ఉద్యోగులు భయపడటంలో అర్థముంది. ఊరి కక్షలు, కులం, ఎన్నికల పగలు తెలియనివి కావు. అందుకే నియామకం, బదిలీ, శిక్ష జిల్లాస్థాయి కేడర్ చేతిలో ఉంచి, పని అప్పగించడం, హాజరు, సెలవు, ఏటేటా పనితీరు నివేదిక పంచాయతీకి ఇవ్వాలి. 010 పద్దు కోసం పంచాయతీని విడిచి పారిపోవలసిన అవసరం లేనినాడు స్థానిక సంస్థలో ఉద్యోగం చిన్నతనం కాదు. కొల్లేటి లంకల్లోనైతే మత్స్య, అటవీ, జలవనరుల క్షేత్రస్థాయి సిబ్బందిని ఒకే యూనిట్‌గా కూర్చోబెట్టి, అయిదో కాంటూరు మీది తగాదాను వాళ్ల రిజిస్టర్లలోంచే పరిష్కరించడం మొదలుపెట్టవచ్చు.

ఈ మూడింటిలో మొదటిదానికి జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చాలు. ఈ సభలో జడ్పీటీసీలున్నారు, సర్పంచులున్నారు, రిటైరైన ఉద్యోగులున్నారు. ఎన్ని ఖాళీలున్నాయని ప్రతి శాఖనూ రాతపూర్వకంగా అడిగే హక్కు మీకు ఇప్పటికే ఉంది. వచ్చే సంవత్సరం ఇదే వేదిక మీద మాట్లాడేవారి చేతికి ఒక్క మండలం పట్టికైనా పూర్తిగా అందించండి. అప్పుడు వారు నాలాగా ప్రశ్నతో మొదలుపెట్టనక్కర్లేదు, అంకెలతో మొదలుపెడతారు.